విరిగినదానిని కట్టిన చేతులు

చదువరులారా, ఎముక మనలను దినమెల్ల మోయుచుండును గాని, అది బాగున్నంతకాలము దానిని తలంచువారు అరుదు. నిన్నటివరకు ధాన్యపు బస్తా మోసినవాడు, తాడిచెట్టెక్కి దిగినవాడు, కాలు జారి తొడ ఎముక విరిగిన గడియలోనే చెంబెడు మంచినీళ్లకు సహితము మరియొకరి ముఖము చూడవలసినవాడగును. కూలి చేసికొని బ్రదుకు ఇంటిలో ఒకని కాలు విరిగిన యెడల ఆ బాధ కాలితో ఆగదు. పొయ్యి చల్లారును, పిల్లవాని చదువు ఆగును, షావుకారు వద్ద అప్పు పెరుగును. ముసలితల్లి స్నానపుగదిలో జారిపడి తుంటి విరిగినప్పుడు ఇంటిల్లిపాదికిని కలుగు కలవరము మీలో అనేకులెరిగినదే.

ఎముకలు కట్టు పని మిక్కిలి పాతది. యెహెజ్కేలు గ్రంథము 30వ అధ్యాయములో ఐగుప్తురాజు బలము పోయినదని తెలుపుటకు ప్రవక్త ఎంచుకొనిన ఉపమానము విరిగిన బాహువే. అది కుదురుటకు ఎవరును కట్టు కట్టలేదని అక్కడ చదువుదుము. కట్టు కట్టిన యెడల ఆ చేయి మరల కత్తి పట్టగలదని ఆ కాలపు సామాన్యజనులకు తెలిసియుండవలెను. లేనిచో ఆ ఉపమానము వారికి బోధపడియుండదు. అయినను పశ్చిమ దేశములలో ఈ పని చేయువారికి చిరకాలము గౌరవము దొరకలేదు. విశ్వవిద్యాలయములలో చదివినవారు వైద్యులని పిలువబడిరి. ఎముకలు కట్టుట పల్లెలలోని రైతులకును, కమ్మరులకును, గొల్లలకును విడువబడెను. ఆ విడువబడిన విద్య ఒక కుటుంబముద్వారా వైద్యశాలలలోనికి ఎట్లు ప్రవేశించెనో, దానివలన ఎందరు తమ కాళ్లమీద నిలిచిరో ఈ నెల చెప్పుకొందము. మన యిండ్లలో నేడో రేపో అవసరపడు సంగతులు ఆ చరిత్రలో కొన్ని గలవు.

ఒడ్డునకు చేరిన బాలుడు

వేల్సు దేశపు వాయవ్య తీరమున ఆంగ్లసీ అను ద్వీపము గలదు. 18వ శతాబ్దపు మధ్యభాగమున అక్కడ ఒక ఓడ బద్దలై, ఒక చిన్న బాలుడు ఒడ్డునకు చేరెనని చెప్పుదురు. వానికి ఇంగ్లీషు రాదు, వెల్షు భాషయు రాదు. ఏ దేశస్థుడో, తల్లిదండ్రులెవరో ఎవరికిని తెలియలేదు. అక్కడివారు వానిని పెంచుకొని ఈవన్ థామస్ అని పేరు పెట్టిరి. వాడు పెరుగుచుండగా మొదట పక్షులకును జంతువులకును, పిమ్మట మనుష్యులకును విరిగిన ఎముకలను సరిచేయు నేర్పు వానియందు కనబడెను. దిక్కులేని బిడ్డకు అన్నము పెట్టిన ఆ ద్వీపమునకు వాని సంతతివారు తరతరములుగా ఎముకలు కట్టుచు వచ్చిరి.

ఆ వంశములోని మరియొక ఈవన్ థామస్ 19వ శతాబ్దములో లివర్‌పూల్ నగరమునకు వచ్చి, ఓడరేవులో పనిచేయు కూలీలమధ్య ఈ పని సాగించెను. ఆయన యొద్దకు జనులు గుంపులుగా వచ్చుచుండిరి. అయితే ఆయనకు వైద్యపట్టము లేదు. పట్టము గల వైద్యులు ఆయనపై నేరములు మోపుటచేత ఆయన పలుమారులు న్యాయస్థానములో నిలువవలసివచ్చెను. ఆ తండ్రి ఎదురు దూషింపలేదు సరిగదా, తన అయిదుగురు కుమారులను వైద్యవిద్యకు పంపెను. వారిలో పెద్దవాడు 1834లో జన్మించిన హ్యూ ఓవెన్ థామస్.

నెల్సన్ వీధిలోని వైద్యుడు

హ్యూ ఓవెన్ థామస్ ఎడింబరోలోను లండనులోను చదివి, 1857లో శస్త్రవైద్యుడుగా పట్టము పొందెను. కొంతకాలము తండ్రితో కలిసి పనిచేసి, తరువాత వేరుగా లివర్‌పూల్‌లోని బీదజనుల పేటలో వైద్యము మొదలుపెట్టెను. ఆయన సన్నని పొట్టి మనుష్యుడు. ఒక కంటి రెప్పకు పూర్వము దెబ్బ తగిలియుండుటచేత ఓడవారు పెట్టుకొను టోపీని కంటిమీదికి వంచి పెట్టుకొనెడివాడు. నగరములోని ఏ పెద్ద వైద్యశాలలోను ఆయనకు ఉద్యోగము లేదు. నెల్సన్ వీధిలోని 11వ నంబరు ఇల్లే ఆయన వైద్యశాల. అచ్చటనే కమ్మరిపనివాడును తోలుపనివాడును ఉండి, రోగి కొలతకు తగినట్లు ఇనుప కమ్ములను, తోలు పట్టీలను తయారుచేయుచుండిరి. ఆదివారములందు ఆయన బీదలకు ఉచితముగా వైద్యము చేసెడివాడు. ఆ దినమున ఆ వీధి కుంటివారితోను, బిడ్డలను ఎత్తుకొని వచ్చిన తల్లులతోను నిండియుండెడిది.

ఆ దినములలో కీళ్లకు వచ్చు గొప్ప వ్యాధి క్షయ. క్షయ యనగానే మనకు దగ్గు జ్ఞాపకమునకు వచ్చును గాని, ఆ క్రిమి ఎముకలలోను కీళ్లలోను కూడ చేరును. వెన్నెముకలో చేరిన యెడల గూని కలిగించును. తుంటిలో చేరిన యెడల బిడ్డ కాలు ముడుచుకొనిపోయి చీము కారును. ఇట్టి కీలును నాటి శస్త్రవైద్యులు అనేకులు కోసి తీసివేయుచుండిరి, లేదా కాలినే తీసివేయుచుండిరి. కొందరు బిగిసిన కీలును బలవంతముగా కదిలించుచుండిరి. థామస్ ఈ రెండు మార్గములను విడిచెను. కీలుకు విశ్రాంతి కావలెను, ఆ విశ్రాంతి మధ్యలో తెగిపోకూడదు, అది చాలినంతకాలము సాగవలెను. ఇదే ఆయన జీవితకాలమంతయు బోధించిన సూత్రము. 1875లో తుంటి, మోకాలు, చీలమండ కీళ్ల వ్యాధులనుగూర్చి ఆయన ప్రచురించిన గ్రంథములోని సారాంశమును ఇదే.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించుడి. ఆయన విశ్రాంతి యని చెప్పినది కీలునకే గాని మనుష్యునికి కాదు. తుంటిని ఇనుప బద్దతో కదలకుండ నిలిపి, మంచి కాలి చెప్పుక్రింద ఎత్తైన ఇనుప మెట్టు కట్టి, చంకకర్రలిచ్చి నడువనిచ్చెడివాడు. చెడిన కాలు నేలకు తగులక వ్రేలాడుచుండగా బిడ్డ వీధిలో తిరుగుచుండును. ఈ ఆలోచన తరువాతి చరిత్రలో ఎంత పని చేసెనో ముందు చూచెదము.

తుంటిని పరీక్షించుటకు ఆయన ఏర్పరచిన పద్ధతిని నేటికిని వైద్యవిద్యార్థులు ఆయన పేరుతోనే నేర్చుకొనుచున్నారు. రోగిని వెల్లకిల పరుండబెట్టి, మంచి కాలి మోకాలిని పొట్టమీదికి వంచుదురు. రెండవ తొడ బల్లమీద ఆనియుండిన యెడల ఆ తుంటి సరిగా చాచుకొనుచున్నది. అది తనంతట తాను పైకి లేచిన యెడల ఆ తుంటి ముడుచుకొని బిగిసియున్నదని తెలియును. ఏ యంత్రమును లేకుండ, పైసా ఖర్చు లేకుండ, చిన్న పల్లెలోనైనను చేయదగిన పరీక్ష ఇది.

ఎముక ఎట్లు అతుకును?

విరిగిన ఎముకను అతికించు మందు పూయుమని అడుగువారు నేడును గలరు. ఎముక అతుకు విధము తెలిసికొనిన యెడల ఆ ప్రశ్న రాదు. ఎముక విరిగినచోట మొదట రక్తము చేరి గడ్డకట్టును. కొన్ని దినములలో ఆ గడ్డలోనికి క్రొత్త రక్తనాళములు ప్రవేశించును. కొన్ని వారములలో రెండు కొనలను కలుపుచు మెత్తని మృదులాస్థి ఏర్పడును. అందులో సున్నము చేరి అది గట్టి ఎముకగా మారును. ఆ తరువాత నెలలతరబడి, కొన్నిసార్లు సంవత్సరములతరబడి, శరీరము అధికమైనదానిని తీసివేసి తక్కువైనచోట చేర్చి పూర్వపు రూపమునకు తెచ్చును. పసిబిడ్డలకు ఇది త్వరగా జరుగును. పెద్దవారి తొడ ఎముకకు మూడు నెలలో, అంతకంటె ఎక్కువయో పట్టును.

చూచితిరా? ఎముకను పుట్టించునది వైద్యుడు కాడు. కొనలను ఎదురెదురుగా ఉంచుట, అదుపులేని కదలిక కలుగకుండ కాపాడుట, రక్తప్రసారమునకు అడ్డు రాకుండుట, చీము చేరనీయకుండుట: వైద్యుని చేతిలో ఉన్నవి ఈ నాలుగు పనులే. తక్కినది దేహమునందు ముందే ఉంచబడియున్నది. దీనిని నమ్మిన వైద్యునికి ఓపిక అలవడును. థామస్‌నకు అట్టి ఓపిక ఉండెను.

ఆయన చేసినవాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది కాలి బద్ద. తొడ మొదట పట్టునట్లు తోలు చుట్టిన ఇనుప వలయము ఒకటి, దానినుండి కాలికి ఇరుప్రక్కల పాదమును దాటిపోవు రెండు కమ్ములు, క్రిందిభాగమున ఆ కమ్ములు కలియుచోటు: ఇంతే దాని నిర్మాణము. తొడలోని కండరములు దేహమంతటిలో మిక్కిలి బలమైనవి. ఎముక విరుగగానే అవి ముడుచుకొని విరిగిన కొనలను ఒకదానిమీదికి ఒకటి లాగును. ఆ వాడి కొనలు మాంసమును చీల్చును. ఒక్క తొడలోనే లీటరుకు పైగా రక్తము కారవచ్చును. ఈ బద్దలో వలయము కటి ఎముకకు ఆని నిలువగా, పాదమును త్రాటితో క్రింది కొనకు లాగి కట్టుదురు. కాలు తిన్నగా సాగును, కొనలు కదలవు, నొప్పియు రక్తస్రావమును తగ్గును.

1891 జనవరిలో, తన 56వ యేట, హ్యూ ఓవెన్ థామస్ మరణించెను. ఆయనను సాగనంపుటకు లివర్‌పూల్ బీదజనులు వేలాదిగా వీధులలో నిలిచిరి. ఆయన తోడి వైద్యులలో అనేకులు ఆయన బద్దలను ఇంకను లక్ష్యపెట్టకయుండిరి.

మేనల్లుడు చేసిన పని

థామస్ దంపతులకు బిడ్డలు లేరు. భార్య ఎలిజబెత్ మేనల్లుడైన రాబర్ట్ జోన్స్ 16వ యేట 1873లో వారి యింటికి వచ్చి, అక్కడనే ఉండి వైద్యము చదివెను. మామగారు కోపిష్ఠి, మాట పదును. జోన్స్ సాధువు, నలుగురితో కలిసిపోవువాడు. మామగారి విద్యను ఆయన మృదువుగా లోకమునకు అందించెను.

1888లో ఆయన మాంచెస్టర్ ఓడకాలువ త్రవ్వు పనికి ముఖ్య శస్త్రవైద్యుడుగా నియమింపబడెను. 36 మైళ్ల పొడవునను వేలకొలది కూలీలు రాతిని పేల్చుచు, మట్టిని మోయుచు పనిచేయుచుండిరి. దినదినము ప్రమాదములు జరుగుచుండెను. జోన్స్ ఆ పొడవంతటిని భాగములుగా చేసి మూడు వైద్యశాలలు కట్టించి, మధ్యమధ్య ప్రథమచికిత్స స్థలములు ఏర్పరచెను. పని సాగించుటకు వేసిన రైలుమార్గముననే గాయపడినవారిని వెంటనే చేర్చునట్లు ఏర్పాటు చేసెను. 1894లో కాలువ తెరవబడునాటికి, గాయపడిన కూలివాని చెంతకు వైద్యము ఎట్లు పోవలెనో లోకమునకు ఒక మాదిరి దొరికెను.

1895 నవంబరులో జర్మనీలో రాంట్జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనెను. మూడు నెలలైనను గడువకమునుపే, 1896 ఫిబ్రవరిలో, మణికట్టులో తుపాకి గుండు దిగిన ఒక బాలుని జోన్స్ భౌతికశాస్త్రజ్ఞుడైన ఆలివర్ లాడ్జ్ యొద్దకు తీసికొనిపోయి కిరణములతో చిత్రము తీయించెను. దానికి రెండు గంటలకు పైగా పట్టెను. అంతవరకు చేతి స్పర్శతో మాత్రమే తెలిసికొనదగిన ఎముకను కంటితో చూచు కాలము అట్లు వచ్చెను. ఎముకలు కట్టువారి వంశమున పెరిగినవాడే ఆ క్రొత్త సాధనమును అందరికంటె ముందు చేపట్టినవారిలో ఒకడగుట గమనింపదగినది.

చంకకర్రలమీద నడచిన నర్సు

ఇప్పుడొక స్త్రీనిగూర్చి చెప్పవలెను. ఆగ్నెస్ హంట్ 1866లో జన్మించెను. చిన్నతనమందే తుంటి ఎముకలో చీము చేరుటచేత ఆమె జీవితాంతము కుంటిదై యుండెను. అయినను నర్సు శిక్షణ పొందెను. 1900లో ఇంగ్లండులోని ష్రాప్‌షైరు సీమలో బాస్‌చర్చ్ అను గ్రామమున, తన స్నేహితురాలు ఎమిలీ గుడ్‌ఫోర్డ్‌తో కలిసి కుంటిపిల్లలకు ఒక చిన్న గృహము తెరచెను. ఆ యింటి మెట్లమీదుగా పిల్లలను మేడమీదికి మోయుట కష్టమాయెను. కాబట్టి తోటలో ఒక ప్రక్క తెరచియున్న పాకలు వేసి వారిని పరుండబెట్టిరి. చలిదేశములో ఇది వెఱ్ఱితనముగా తోచెను గాని, మంచి గాలియు వెలుతురును తగిలి ఆ పిల్లలు పుష్టిగా ఎదుగుచుండిరి.

తన తుంటి బాధకొరకు ఆమె లివర్‌పూల్‌లో రాబర్ట్ జోన్స్ యొద్దకు పోయెను. తరువాత తన పిల్లలను రైలులో ఆయన యొద్దకు తీసికొనిపోవుట ఆరంభించెను. కొంతకాలమునకు జోన్స్ తానే నెలకొకసారి బాస్‌చర్చ్‌కు వచ్చి పిల్లలను చూచి, అవసరమైనవారికి శస్త్రచికిత్స చేయుటకు ఒప్పుకొనెను. ఇంటికి పంపిన బిడ్డ బద్దలు వదులై మరల వంకరపోవుచుండుట ఆమె కనిపెట్టి, చుట్టుపట్ల ఊళ్లలో చిన్న చిన్న వైద్యస్థానములు పెట్టి నర్సులను పంపుచుండెను. 1921లో ఆ గృహము ఆస్‌వెస్ట్రీ పట్టణమునకు మారెను. 1927లో వికలాంగులైన యువతీయువకులకు వృత్తివిద్య నేర్పు సంస్థను కూడ ఆమె స్థాపించెను. కాలు బాగుపడిన పిల్లవాడు పనిలేక బిచ్చమెత్తిన యెడల చికిత్స సగమే జరిగినదని ఆమె యెరుగును. ఆ వైద్యశాల నేటికిని రాబర్ట్ జోన్స్, ఆగ్నెస్ హంట్ అను ఇరువురి పేర్లతోను నిలిచియున్నది.

యుద్ధభూమిలో ఇనుప వలయము

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. గుండు తగిలి తొడ ఎముక విరిగి గాయము తెరచుకొనిన సైనికులలో, యుద్ధపు తొలి సంవత్సరములలో నూటికి 80 మంది వరకు మరణించిరని లెక్కలు చెప్పుచున్నవి. స్ట్రెచరుమీద మోయుచుండగా విరిగిన కొనలు కదలి, రక్తము కారి, వైద్యశాల చేరకమునుపే ప్రాణము పోవుచుండెను. మరణించి ఇరువది నాలుగు సంవత్సరములైన నెల్సన్ వీధి వైద్యుని బద్దను జోన్స్ సైన్యమునకు జ్ఞాపకము చేసెను. గాయపడినవానిని కదలింపకమునుపే, పడినచోటనే, బట్టలమీదనే ఈ బద్ద కట్టవలెనని నిర్ణయింపబడెను. చీకటిలో సహితము కట్టగలుగునట్లు స్ట్రెచరు మోయువారికి కండ్లకు గంతలు కట్టి నేర్పిరి. శస్త్రచికిత్సయు, గాయములను శుభ్రపరచు పద్ధతులును దీనికి తోడాయెను. 1918 నాటికి మరణములు నూటికి 20కి తగ్గెను.

జోన్స్ అంతటితో ఆగలేదు. 1916లో లండనులోని షెపర్డ్స్ బుష్ వైద్యశాలలో గాయపడిన సైనికులకు పనిశాలలు పెట్టించెను. చేయి బిగిసినవాడు రంపము లాగుచు, కాలు బిగిసినవాడు యంత్రపు తొక్కుడుబల్ల తొక్కుచు, చెక్కపనియు తోలుపనియు నేర్చుకొనుచుండిరి. రాజ్యము పోగొట్టుకొని ఇంగ్లండులో నివసించుచుండిన పోర్చుగల్ రాజు మాన్యుయేల్ ఈ పనిశాలలకు మిక్కిలి తోడ్పడెను. చూడుడి, కీలునకు విశ్రాంతి, మనుష్యునికి నడక అని థామస్ మొదలుపెట్టినది, ఇక్కడ పనిచేత స్వస్థపరచుటగా పెరిగెను.

మన ప్రాంతమున

చదువరులారా, ఈ వెల్షు కుటుంబపు కథ వినుచుండగా మీలో అనేకులకు పుత్తూరు కట్టు జ్ఞాపకమునకు వచ్చియుండును. తిరుపతి చెంతనున్న పుత్తూరు దగ్గర ఒక పల్లెలో రాజుల కుటుంబమువారు తరతరములుగా ఎముకలు కట్టుచున్నారు. వేటలో కాలు విరిగిన కుందేలునకు ఆకులు చుట్టగా అది కుదిరినదనియు, ఆ విద్య అట్లు మొదలైనదనియు అక్కడివారు చెప్పుకొందురు. ఆకు పసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ: ఇవి వారి సాధనములు. ఆంధ్ర, తమిళ, కన్నడ దేశములనుండి జనులు అక్కడికి పోవుచుందురు. సముద్రమునకు ఆవల ఆంగ్లసీలో జరిగినట్లే ఇక్కడను ఒక పల్లె, ఒక కుటుంబము, బీదలకు అందుబాటులోనున్న ఒక చేతివిద్య.

అట్టివారిని మనము తృణీకరింపకూడదు. సామాన్యమైన విరుగుడులో కదలనీయక బద్దతో ఉంచుటయే ముఖ్యము గనుక, వారిచేత అనేకులు బాగుపడిరి. అయితే గ్రుడ్డిగా నమ్ముటయు తగదు. చర్మము చీలి ఎముక బయటికి కనబడినను, కీలు దగ్గర విరిగినను, వెన్నెముకకు దెబ్బ తగిలినను, విరిగిన కాలు చల్లబడినను, ఆలస్యము చేయక ఎక్స్‌రే తీయువైద్యశాలకే పోవలెను. కట్టు ఎవరు కట్టినను, అది నాటువైద్యుని కట్టైనను ఆసుపత్రి పిండికట్టైనను, వ్రేళ్లు నీలమైనను, ఉబ్బినను, తిమ్మిరెక్కినను, వ్రేలిని చాచినప్పుడు భరింపరాని నొప్పి కలిగినను, ఆ గడియలోనే విప్పించవలెను. బిగువు కట్టువలన రక్తప్రసారము ఆగిన యెడల కొద్ది గంటలలోనే కండరము చచ్చును. సహించుకొమ్మని ఏడ్చుచున్న బిడ్డను తెల్లవారువరకు ఊరడించుటచేత చేతులు పోయిన బిడ్డలు గలరు. విరిగినదానిని రుద్దుట, లాగి చూచుట ఎన్నడును చేయరాదు.

ఆగ్నెస్ హంట్ వంటి స్త్రీ మనకును ఒకతె యుండెను. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన డాక్టరు మేరీ వర్గీస్ 1954లో మోటారు ప్రమాదమున నడుము క్రిందిభాగమంతయు చచ్చుబడి, ఇక నిలువలేనిదాయెను. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే, డాక్టరు పాల్ బ్రాండ్ ప్రోత్సాహమున, కుష్ఠువలన వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేయ నేర్చుకొనెను. తరువాత న్యూయార్కులో పునరావాస వైద్యమున శిక్షణ పొంది తిరిగి వచ్చి వెల్లూరులో ఆ శాఖను నడపెను. 1966లో అక్కడ పునరావాస సంస్థ తెరవబడెను. వెన్నెముక విరిగినవారికి మంచము దిగి, కుర్చీలో తిరిగి, ఒక పని నేర్చుకొని ఇంటికి పోవు మార్గము అట్లు ఏర్పడెను. వెల్లూరు మన చిత్తూరునకు సమీపమే గనుక, తెలుగువారనేకులు ఆ మేలు పొందిరి. హైదరాబాదులో 1960వ దశకమున ఎముకల వైద్యమునకే నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్ వెలసెను. నేడు మనము నిమ్స్ అని పిలుచు గొప్ప వైద్యశాల దానినుండి పెరిగినదే.

మారినదియు, మారనిదియు

థామస్ కాలమునకు నేటికిని ఎన్నో మారినవి. స్ట్రెప్టోమైసిన్ మొదలగు మందులు వచ్చిన తరువాత ఎముకల క్షయకు సంవత్సరములతరబడి బద్దలలో పడియుండనక్కరలేదు. కాశీలోని డాక్టరు ఎస్. ఎం. తులి వెన్నెముక క్షయకు అందరికిని శస్త్రచికిత్స చేయక, మందులును తగిన విశ్రాంతియు ఇచ్చి, అవసరమైనవారికే కత్తి పట్టు మధ్యమార్గమును 1975లో ప్రకటించెను. ఎందరినో కుంటివారినిగా చేసిన పోలియో మన దేశమునుండి పోయినదని 2014లో ధ్రువపరచబడెను. అరిగిపోయిన తుంటికి ప్లాస్టిక్ గిన్నెయు లోహపు గుండును అమర్చు చికిత్సను ఇంగ్లండులోని రైటింగ్‌టన్ వైద్యశాలలో జాన్ చార్న్‌లీ స్థిరపరచెను. మొదట ఆయన వాడిన టెఫ్లాన్ త్వరగా అరిగిపోయి, అమర్చిన కీళ్లను మరల తీయవలసివచ్చెను. 1962లో గట్టి పాలిథీన్‌తో చేయగా అది నిలిచెను. అంతకుమునుపు రైటింగ్‌టన్ క్షయరోగుల వైద్యశాలగా ఉండెను. మందులచేత క్షయ తగ్గగా ఖాళీయైన మంచములమీద అరిగిన కీళ్లవారు పరుండిరి.

విశ్రాంతినిగూర్చిన తలంపు కూడ మారెను. ముసలివారికి తుంటి విరిగినప్పుడు నెలలతరబడి మంచమున ఉంచుట ప్రమాదకరమని నేడు తెలియును. ఒంటిమీద పుండ్లు, ఊపిరితిత్తులలో జ్వరము, కాళ్లలో రక్తపు గడ్డలు వారిని ఎముకకంటె ముందు చంపును. కాబట్టి దేహస్థితి అనుకూలించిన యెడల ఒకటి రెండు దినములలోనే శస్త్రచికిత్స చేసి, మరునాడే లేపి నిలువబెట్టుదురు. పెద్దవయస్సున కత్తి ఏల అని తల్లిని మంచముపాలు చేయు బిడ్డలు ఈ సంగతి ఆలోచించుదురు గాక. మోకాళ్లు అరిగినవారికి మొదటి చికిత్స బరువు తగ్గించుకొనుట, తొడ కండరములకు వ్యాయామము, తగిన మందు; ఇవన్నియు చేసినను రాత్రి నిద్ర పట్టని బాధయు, నడువలేని స్థితియు ఉన్నప్పుడు కీలు మార్పిడి. తొందరపడి కోయించుకొననక్కరలేదు, భయపడి దశాబ్దములు బాధపడనక్కరలేదు.

ఇవి మారినవి. మారనిది ఒకటి కలదు. ఎముక నేడును తన కాలము తాను తీసికొనును. ఎంత గొప్ప లోహపు కడ్డీ వేసినను దానిని తొందరపెట్టలేము. ఆ నెలలలో రోగికి వైద్యునితోపాటు తోడివారును కావలెను. మీ వీధిలో కాలు విరిగినవాడున్న యెడల, పండ్లు తీసికొనిపోయి ఒకసారి చూచి వచ్చుటతో మన ధర్మము తీరదు. రెండవ నెలలో, ఎవరును రానప్పుడు, ఆ యింటికి పొండి. పొయ్యి వెలుగుచున్నదో లేదో చూడుడి. పిల్లవాని బడి రుసుము అడిగి తెలిసికొనుడి. కూర్చుండి చేయదగిన పని ఏదైన వానికి దొరకునేమో విచారించుడి. కట్టు విప్పిన దినమున వాడు భయపడుచు మొదటి అడుగు వేయునప్పుడు, ఆనుకొనుటకు ఒక భుజము వాని ప్రక్కన ఉండవలెను. అది మీ భుజమే అగును గాక.